ఈస్టర్ బాస్కెట్‌లో, ప్లాస్టిక్ గుడ్లలో చిన్నపిల్లలకి ఏం పెట్టాలి? తరచుగా అడిగే ప్రశ్నలు

మార్చి నెల వచ్చిందంటే నా ఫోన్‌కి ఒకే రకం మెసేజ్‌లు మొదలవుతాయి. "అక్కా, డే కేర్ వాళ్లు 12 గుడ్లు నింపి పంపమన్నారు, లోపల ఏం పెట్టాలి?" మేం ఉండేది డాలస్ పక్కన. చుట్టుపక్కల తెలుగువాళ్లు బాగా ఎక్కువ, మాది గుంటూరు వైపు క్రిస్టియన్ కుటుంబం, కాబట్టి ఈస్టర్ అనగానే అందరికీ నేనే గుర్తొస్తాను. నిజానికి ఈ ప్లాస్టిక్ గుడ్లు (తెరిచి లోపల చిన్న వస్తువులు పెట్టి దాస్తాం, పిల్లలు వెతికి ఏరుకుంటారు), బాస్కెట్లు, కుందేలు, ఇవన్నీ నేను కూడా ఇక్కడికి వచ్చి మా పెద్దవాడు డే కేర్‌లో చేరాకే నేర్చుకున్నాను. ఇప్పుడు వాడికి ఏడేళ్లు, పాపకి మూడు. ఇన్నేళ్లుగా ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పిన జవాబులన్నీ ఒకచోట పెడుతున్నాను. ఐదేళ్లలోపు పిల్లల గురించే ఎక్కువ రాశాను, ఎందుకంటే పొరపాట్లు జరిగేది ఆ వయసు దగ్గరే.

అసలు ఈస్టర్‌కీ గుడ్లకీ కుందేలుకీ ఏంటి సంబంధం?

ఈస్టర్ అంటే యేసు ప్రభువు సమాధి నుంచి తిరిగి లేచిన ఆదివారం. పాతకాలంలో యూరప్‌లో ఈ పండగకి ముందు వచ్చే నలభై రోజుల ఉపవాసంలో మాంసంతోపాటు గుడ్లు కూడా ముట్టేవారు కాదు. కోళ్లు మాత్రం గుడ్లు పెట్టడం ఆపవు కదా, పండగ నాటికి ఇంటినిండా గుడ్లు పోగయ్యేవి, వాటికి రంగులేసి పంచుకునేవారు. కుందేలు కథ జర్మన్లది. 1700ల్లో పెన్సిల్వేనియాకి వచ్చి స్థిరపడ్డ జర్మన్ కుటుంబాలు దాన్ని అమెరికాకి తెచ్చాయి. పిల్లలు తమ టోపీలతో గూడు కట్టి పెడితే, బుద్ధిగా ఉన్నవాళ్ల గూట్లో రాత్రికి రాత్రే కుందేలు వచ్చి రంగు గుడ్లు పెట్టి వెళ్తుందని చెప్పేవారు. ఆ గూడే తర్వాత బాస్కెట్ అయింది, అడుగున గడ్డి పరిచేది కూడా అందుకే. వైట్‌హౌస్ పచ్చిక మీద ఈస్టర్ మర్నాడు సోమవారం పిల్లలు గుడ్లు దొర్లించే ఆట 1878లో హేస్ అధ్యక్షుడిగా ఉన్నప్పుడు మొదలైంది.

మా ఊళ్లో ఈస్టర్ వేరు. మట్టల ఆదివారం, గుడ్ ఫ్రైడే అయ్యాక, ఆదివారం ఇంకా చీకటి ఉండగానే అమ్మ లేపేది. అందరం సమాధుల దగ్గరికి వెళ్లి కొవ్వొత్తులు వెలిగించి పాటలు పాడేవాళ్లం, తెల్లారేసరికి గుళ్లో ఆరాధన, ఇంటికొచ్చి కోడికూర. గుడ్లూ లేవు, కుందేలూ లేదు. నా పిల్లలకి రెండూ తెలియాలని నా కోరిక.

మేం క్రిస్టియన్లం కాదు. మా పిల్లలకి బాస్కెట్ ఇవ్వొచ్చా?

ఇవ్వండి. గుడ్లు వెతికే ఆట ఇక్కడ స్కూళ్లు, పార్కులు, లైబ్రరీలు అందరు పిల్లలకీ పెడతాయి, అందులో ప్రార్థన ఏమీ ఉండదు. మీ పిల్లలు నా పిల్లలతో కలిసి గుడ్లు వెతికితే నాకు సంతోషమే. ఒక్కటే అడుగుతాను, "ఇది ఎవరి పండగ?" అని పిల్లలు అడిగినప్పుడు కుందేలు పండగ అని తేల్చేయకుండా, మన పక్కింటివాళ్లు యేసు తిరిగి లేచాడని నమ్మి చేసుకునే పండగ అని ఒక్క మాట చెప్పండి. మీ ఉగాది పచ్చడిలో వేపపువ్వు ఎందుకో నేను నా పిల్లలకి అలాగే చెప్తాను.

ఈస్టర్ ఎప్పుడొస్తుందో ముందే ఎలా తెలుస్తుంది?

మార్చి 21న గానీ ఆ తర్వాత గానీ వచ్చే పౌర్ణమి దాటాక వచ్చే మొదటి ఆదివారం. 2026లో ఏప్రిల్ 5, 2027లో మార్చి 28, 2028లో ఏప్రిల్ 16. డే కేర్‌లో గుడ్లు మాత్రం దానికి రెండు మూడు రోజుల ముందే అడుగుతారు, కాబట్టి పది రోజుల ముందు కొని పెట్టుకుంటే టెన్షన్ ఉండదు.

డే కేర్ నుంచి "12 నింపిన గుడ్లు పంపండి" అని నోట్ వచ్చింది. ఏం పెట్టను?

ముందు ఆ నోట్ రెండోసారి చదవండి. చాలావరకు అందులోనే చిన్న అక్షరాల్లో క్యాండీ వద్దు అనో, నట్స్ వద్దు అనో ఉంటుంది. నేను మొదటి ఏడాది అది చూడకుండా రెండేళ్ల పిల్లల క్లాసుకి 12 గుడ్ల నిండా జెల్లీ బీన్స్ అనే చిన్న క్యాండీలు పోసి పంపాను. సాయంత్రం టీచర్ ఆ సంచి అలాగే నా చేతికిచ్చి, ఈ వయసు పిల్లలకి ఇవి గొంతుకి అడ్డం పడతాయమ్మా అని మెల్లగా చెప్పింది. ఆ మాటకి నాకు ఒళ్లు జలదరించింది, ఆ రోజు నుంచి ఏది కొన్నా ముందు నా కన్ను వెళ్లేది దాని సైజు మీదికే.

మీరు పంపే గుడ్లు మీ పిల్లకి రావు, అందరివీ కలిపేసి దాస్తారు. అంటే అందులో ఏ పిల్లకి ఏ అలర్జీ ఉందో మీకు తెలియదు. అందుకని డే కేర్‌కి తినేవి వద్దే వద్దు అని నా గట్టి అభిప్రాయం. అన్నిటికంటే తేలిక స్టిక్కర్లు. పెద్ద స్టిక్కర్ షీట్ ఒకటి కొని, నాలుగేసి స్టిక్కర్లుగా కత్తిరించి, చుట్ట చుట్టి గుడ్డులో పెడితే 12 గుడ్లు పది నిమిషాల్లో అయిపోతాయి. ఉబ్బెత్తుగా ఉండే రకం వద్దు, పిల్లలు వాటిని పీకి నోట్లో పెట్టుకుంటారు, కాగితంవి చాలు. క్లాసులో మూడేళ్లు దాటినవాళ్లే ఉంటే తడిపి చేతికి అంటించుకునే టాటూలు, బొమ్మ ఉంగరాలు, చిన్న రబ్బరు స్టాంపులు కూడా బాగుంటాయి.

మా పాపకి ఏడాదిన్నర. దానికి గుడ్డులో ఏం పెట్టినా నోట్లోకే కదా?

అవును, అందుకే ఆ వయసుకి గుడ్డే బొమ్మ అనుకోండి. మా పాప ఏడాదిన్నరప్పుడు ఒక్క గుడ్డు పట్టుకుని తెరవడం, చూడడం, నాతో మూయించుకోవడం, మళ్లీ తెరవడం, ఇరవై నిమిషాలు అదే పని. లోపల ఏముందో దానికి పెద్దగా పట్టలేదు, పటక్కున విచ్చుకోవడమే దాని ఆనందం. కాబట్టి చిన్న గుడ్లు కాకుండా అరచేతికి నిండుగా ఉండే పెద్ద గుడ్లు, ఆరో ఎనిమిదో కొనండి. ఒకదాంట్లో కొత్త సాక్సుల జత, ఒకదాంట్లో పట్టు గుడ్డ ముక్క (లాగుతుంటే బయటికొస్తూనే ఉండాలి, జేబురుమాలంత చాలు, పొడుగు తాడులా ఉండకూడదు), ఒకదాంట్లో పెద్ద డూప్లో (పసిపిల్లల లెగో) ముక్క, ఒకదాంట్లో తను రోజూ తినే బేబీ పఫ్స్ (నోట్లో కరిగిపోయేవి) నాలుగు. ఇంకో దాంట్లో కుటుంబం ఫొటో, గుంటూరులో అమ్మమ్మ తాతయ్యలది. అది తెరిచి "తాతా!" అన్నప్పుడు వీడియో కాల్‌లో మా నాన్న ముఖం చూడాలి మీరు.

గుడ్డులో గింజలు పోసి గిలక చేసి ఇద్దామని కొందరు అడుగుతారు. ఈ ప్లాస్టిక్ గుడ్లు ఒక్క నొక్కుకి విచ్చుకుంటాయి, టేపు వేసినా ఆ వయసు పిల్లలు పీకేస్తారు. బియ్యం, పెసలు, చింతపిక్కలు ఏవీ వద్దు.

రెండేళ్లలోపు పిల్లలకి చక్కెర కలిపిన తిండే పెట్టొద్దని ఇక్కడ పిల్లల డాక్టర్లు చెప్తారు, కాబట్టి చాక్లెట్ సంగతి ఆలోచించే పనే లేదు.

ఏది గొంతుకి అడ్డం పడుతుందో ఇంట్లో ఎలా తేల్చుకోవాలి?

టాయిలెట్ పేపర్ అయిపోయాక మిగిలే అట్ట గొట్టం తీసుకోండి. మీరు గుడ్డులో పెట్టాలనుకున్న వస్తువు అందులోంచి జారి కిందపడితే మూడేళ్లలోపు పిల్లకి ఇవ్వకండి. ప్రభుత్వం బొమ్మలని పరీక్షించే గొట్టం అడ్డం 1.25 అంగుళాలు, మన అట్ట గొట్టం దానికంటే కాస్త వెడల్పు, కాబట్టి మనం కాస్త ఎక్కువ జాగ్రత్త వైపే ఉంటాం, మంచిదే. ఎగిరే రబ్బరు బంతులకి ఇంకా గట్టి నియమం ఉంది, అడ్డం 1.75 అంగుళాలు దాటని బంతి మూడేళ్లలోపు పిల్లల బొమ్మగా అమ్మకూడదు. మామూలు గుడ్డులో పట్టే బంతి ఏదైనా అంతకంటే చిన్నదే, అంటే పసిపిల్లలున్న ఇంట్లో గుడ్డులో బంతి పెట్టే మాటే లేదు.

తిండి విషయంలో గీత మూడేళ్ల దగ్గర కాదు, నాలుగేళ్ల దగ్గర. గట్టి క్యాండీలు, జెల్లీ బీన్స్, మార్ష్‌మెల్లోలు, పాప్‌కార్న్, పల్లీలు, బాదం, జీడిపప్పు, కోయని ద్రాక్ష, ఇవన్నీ నాలుగేళ్లు నిండేదాకా ఆగాలి. మన ఇళ్లలో రెండేళ్ల పిల్లకి పల్లీలు చేతిలో పెట్టేస్తాం, ఏం కాలేదు కదా అంటాం. అయినప్పుడు నిమిషాల్లో అయిపోతుంది. దయచేసి ఆగండి.

పిల్లలు పరిగెడుతూ తినకూడదు అనేది కూడా ఆట మొదలవకముందే చెప్పేయండి. మా ఇంట్లో గుడ్లన్నీ ఏరాక చాప మీద కూర్చున్నాకే తెరవాలి.

మూడు నుంచి ఐదేళ్ల పిల్లలకి ఐడియాలు చెప్పండి, రోజూ చూసే స్టిక్కర్లు కాకుండా.

నాకు బాగా నచ్చిన వయసు ఇది, లోపల ఏముందో అన్న ఆత్రం అప్పుడే మొదలవుతుంది.

అన్నిటికంటే బాగా పనిచేసింది పజిల్. 24 ముక్కల పజిల్ ఒకటి కొని, రెండేసి ముక్కలు 12 గుడ్లలో పెట్టాను. గుడ్లన్నీ దొరికితేనే బొమ్మ పూర్తవుతుంది. దొరికిన గుడ్డు పారేసి ఇంకోదాని కోసం పరిగెత్తే పిల్లవాడు, ఆ ఏడాది ఒక్కో ముక్కనీ దాచుకున్నాడు, చివరికి కుర్చీ కింద మిగిలిన ఒక్క గుడ్డు కోసం ఇంటిల్లిపాదీ వెతికాం. ఆట అయ్యాక ఇంకో గంట పజిల్‌తో గడిచింది. మామూలు గుడ్డులో ముక్క పట్టదు అనిపిస్తే పెద్ద గుడ్లు తీసుకోండి, కొనే ముందు డబ్బా మీద ముక్క సైజు చూసుకోండి.

ఇలాగే ఒకే వస్తువుని ముక్కలుగా పంచే పద్ధతి దేనికైనా కుదురుతుంది. డూప్లో ముక్కలన్నీ కలిపితే రైలు. పెద్ద క్రేయాన్లు ఒక్కో గుడ్డులో ఒక్కో రంగు, బాస్కెట్‌లో రంగులేసే పుస్తకం. చిన్న ప్లాస్టిక్ జంతువులు ఒక్కో గుడ్డులో ఒకటి, చివరికి జూ.

చీటీలు కూడా బాగుంటాయి. చదవడం రాని పిల్లలకి బొమ్మ గీయండి చాలు, ఊయల బొమ్మ ఉంటే పార్కు, దోసె బొమ్మ ఉంటే ఇవాళ టిఫిన్ దోసె, పుస్తకం బొమ్మ ఉంటే రాత్రికి ఇంకో కథ. మా పాపకి బాగా నచ్చింది "నాన్న గుర్రం ఎక్కడం" చీటీ, వారం దాకా దిండు కింద పెట్టుకుంది. దీనికి పైసా ఖర్చు లేదు, కానీ ఇచ్చిన మాట ఆ రోజే నిలబెట్టుకోవాలి, రేపు అంటే మళ్లీ ఏడాది ఆ చీటీలని పిల్లలు నమ్మరు.

జడ క్లిప్పులు, రబ్బరు బ్యాండ్లు, చిన్న బబుల్స్ సీసా, సుద్దముక్క, బంతి పువ్వు గింజలు (ఇవి అమ్మ చేతిలోనే ఉండాలి), ఇవన్నీ నాలుగేళ్లు దాటిన పిల్లలకి సరే. హాట్ వీల్స్ కారు మామూలు గుడ్డులో పట్టదు, పెద్ద గుడ్డులో పడుతుంది, దాని మీద కూడా మూడేళ్లు పైబడినవారికే అని రాసి ఉంటుంది.

మన తెలుగు ఏమైనా కలపొచ్చా?

ఈ ప్రశ్న కోసమే ఎదురుచూస్తుంటాను. అట్ట మీద తెలుగు అక్షరాలు పెద్దగా రాసి, కత్తిరించి, ఒక్కో గుడ్డులో ఒకటి పెట్టండి. మొదటి ఏడాది పిల్ల పేరులోని అక్షరాలు చాలు, అన్నీ దొరికాక వరసగా పేరిస్తే తన పేరు. రెండో ఏడాది అ నుంచి ఔ దాకా. మా వాడికి ఋ దగ్గర ఆగిపోయి, ఈ అక్షరంతో మొదలయ్యేది ఏంటి అని వాళ్ల తాతయ్యకి ఫోన్ చేశాడు, ఋషి అని చెప్పించుకున్నాడు. ఆదివారం తెలుగు క్లాసులో నెల రోజులు కూర్చోబెట్టినా రాని ఉత్సాహం ఆ ఒక్క పొద్దున వచ్చింది.

ఊరినుంచి వచ్చేవాళ్లని ఏటికొప్పాక లక్క బొమ్మలు తెమ్మనండి. అంకుడు కర్రతో చేసి చెట్ల నుంచి తీసిన రంగులు వేస్తారు. చిన్న బొంగరం ఒకటి పెద్ద గుడ్డులో చక్కగా పడుతుంది. ఐదేళ్ల పిల్లకి దాన్ని తిప్పడం నేర్పించడానికి నాన్నకి ఒక మధ్యాహ్నం పడుతుంది, అదీ మంచిదే. అష్టాచెమ్మా గవ్వలు ఆరేళ్లు దాటాకే.

తిండిలో అయితే మెత్తటి సున్నుండ చిన్నది చేసి బటర్ పేపర్‌లో చుట్టి పెడితే మా ఇంట్లో చాక్లెట్ కంటే ముందు అదే అయిపోతుంది. చెగోడీలు, జంతికలు పెద్దపిల్లలకి సరే, గట్టివి కాబట్టి చిన్నవాళ్లకి వద్దు.

మేం పూర్తి శాకాహారులం. ఈస్టర్ క్యాండీల్లో ఏవి తినకూడదు?

ఇది చాలామందికి ఆలస్యంగా తెలిసి బాధపడతారు, అందుకే కాస్త వివరంగా చెప్తాను. మెత్తగా సాగే క్యాండీల్లో చాలావాటిలో జెలటిన్ ఉంటుంది, అది పశువుల చర్మం, ఎముకల నుంచి తీసేది. ఈస్టర్ అనగానే షాపుల్లో కనిపించే పసుపు కోడిపిల్లల మార్ష్‌మెల్లో పీప్స్‌లో ఉండేది పంది జెలటిన్. పెన్సిల్వేనియాలో బెత్లెహేమ్ అనే ఊళ్లో తయారవుతాయవి, ఆ ఊరి పేరు విని నేను మొదట్లో ఎంత మురిసిపోయానో. గమ్మీ బేర్లు, వెల్చ్స్ ఫ్రూట్ స్నాక్స్, ఇక్కడ అమ్మే స్టార్‌బర్స్ట్, వీటిలోనూ జెలటిన్ ఉంటుంది.

ప్యాకెట్ వెనక పెక్టిన్ అని ఉంటే అది పళ్ల నుంచి తీసింది, పరవాలేదు. జెల్లీ బీన్స్‌లో చాలావాటికి జెలటిన్ ఉండదు గానీ మెరుపు కోసం పైన కన్ఫెక్షనర్స్ గ్లేజ్ అని పూస్తారు, అది లక్క, అంటే లక్క పురుగు నుంచి వచ్చేది. కొందరికి అభ్యంతరం ఉండదు, కొందరికి ఉంటుంది, మీ ఇంటి పద్ధతిని బట్టి చూసుకోండి. ఇక్కడ స్మార్టీస్ పేరుతో అమ్మే బిళ్లల్లో జంతువుల నుంచి తీసినవి ఏవీ ఉండవు, కానీ అవి గట్టి బిళ్లలు కాబట్టి నాలుగేళ్లు దాటినవాళ్లకే.

డే కేర్ టీచర్‌కి ముందే ఒక మెయిల్ పెట్టండి, మా పిల్లకి జెలటిన్ వద్దు అని. మొహమాటపడకండి, వాళ్లకి ఇది కొత్త కాదు.

అలర్జీల సంగతి?

అమెరికాలో ప్యాకెట్ మీద తప్పనిసరిగా రాయాల్సిన ముఖ్యమైన అలర్జీ పదార్థాలు తొమ్మిది: పాలు, గుడ్డు, చేపలు, రొయ్యలు పీతల రకం, బాదం జీడిపప్పు రకం నట్స్, పల్లీలు, గోధుమ, సోయా, 2023 నుంచి నువ్వులు. మన నువ్వుండలు, నువ్వులద్దిన చెగోడీలు కూడా ఇందులోకి వస్తాయని గుర్తుపెట్టుకోండి. చాలామందికి తెలియనిది ఏంటంటే ప్లే డో మట్టిలో గోధుమ ఉంటుంది, గోధుమ పడని పిల్లకి దాన్ని చేత్తో పిసకడం కూడా ఇబ్బందే.

ఇంకొకటి, పండగకి వచ్చే చిన్న సైజు చాక్లెట్లలో మామూలు సైజుకి లేని అలర్జీ హెచ్చరిక ఉండొచ్చు, వేరే మెషీన్ల మీద చేస్తారు కాబట్టి. ప్రతి ఏడాదీ, ప్రతి ప్యాకెట్టూ చదవాలి.

మీ ఇంటికి వచ్చే పిల్లల్లో ఒక్కరికి అలర్జీ ఉన్నా, ఆ ఒక్కరికి వేరే గుడ్లు పెట్టకుండా ఆ ఏడాది అందరికీ తినే వస్తువులు లేకుండా చేయండి. మూడేళ్ల పిల్లకి "నీది ఇది, అది ముట్టుకోకు" అంటే ఆట అక్కడితో అయిపోయినట్టే.

బాస్కెట్‌లో ఏం పెట్టాలి? ఎంత ఖర్చు అవుతుంది?

కొనాల్సినవే పండగ పేరుతో ఇవ్వండి. ఏప్రిల్ అంటే టెక్సాస్‌లో ఎండలు మొదలు, ఎలాగూ పిల్లలకి టోపీ, ఈత బట్టలు, చెప్పులు, నీళ్ల సీసా కావాలి. వాటిలో రెండు, ఒక బొమ్మల పుస్తకం, ఒక బబుల్స్ సీసా, అంతే బాస్కెట్ నిండిపోతుంది. బాస్కెట్‌గా ఇసుకలో ఆడే బకెట్ వాడితే ఎండాకాలమంతా పనికొస్తుంది. ప్లాస్టిక్ గడ్డి బదులు రంగు కాగితం సన్నగా కత్తిరించి వేయండి. ఆ ప్లాస్టిక్ గడ్డి నెలల తరబడి సోఫా సందుల్లోంచి వస్తూనే ఉంటుంది, పాకే పిల్లలు నోట్లో పెట్టుకుంటారు, ఇంట్లో పిల్లి ఉంటే మింగి పేగుల్లో చుట్టుకుని ప్రాణం మీదికి వస్తుంది.

నేను ఇద్దరికీ కలిపి 25 డాలర్లు దాటను. ఖాళీ గుడ్లు డాలర్ ట్రీలో చవగ్గా దొరుకుతాయి. పండగ మర్నాడు సోమవారం చాలా షాపుల్లో బాస్కెట్లు, గుడ్లు సగం ధరకి వస్తాయి, వచ్చే ఏడాదికి అప్పుడే కొనేయండి.

ఎన్ని గుడ్లు దాచాలి? పెద్దవాడే అన్నీ ఏరేస్తున్నాడు.

పిల్లకి 10 నుంచి 12 చాలు. ఎక్కువైతే తెరవడంలో మజా పోయి గబగబా ముగించేయడం అవుతుంది. గొడవకి మందు రంగులు. ఒక్కో పిల్లకి ఒక్కో రంగు, చిన్నదానికి గులాబీ రంగు, పెద్దవాడికి నీలం. చిన్నదానివి గడ్డి మీద కనిపించేట్టు, పెద్దవాడివి కొమ్మల్లో, షూలలో, పూలకుండీ వెనక. పెద్దవాడికి చెల్లి గుడ్డు కనిపిస్తే చెల్లిని పిలిచి చూపించాలి గానీ తీయకూడదు, మా వాడికి ఇప్పుడు అదే పెద్ద ఉద్యోగం అయిపోయింది.

ఎక్కడ దాచారో ఫోన్‌లో ఫొటోలు తీసుకోండి. తినే వస్తువున్న గుడ్డు ఒకటి దొరక్కుండా పోతే పది రోజుల తర్వాత చీమలు చూపిస్తాయి.

చీమలంటే గుర్తొచ్చింది, బయట ఎప్పుడు దాచాలి?

ఆట మొదలయ్యే అరగంట ముందు. ఈ గుడ్లకి అడుగున సన్న చిల్లులు ఉంటాయి, టెక్సాస్ ఫైర్ యాంట్స్ అందులోంచి దూరతాయి, కుడితే పిల్లలకి బొబ్బలు లేస్తాయి. రాత్రే దాచిపెట్టడం అస్సలు వద్దు. గడ్డిలో చీమల పుట్టలు ఎక్కడున్నాయో ముందు ఒకసారి నడిచి చూసుకోండి. చాక్లెట్ ఉన్న గుడ్లు ఇంట్లో దాచండి, ఒకసారి కారులో గంటసేపు వదిలేస్తే 20 గుడ్ల చాక్లెట్ కరిగి, చిల్లుల్లోంచి కారి, సీటంతా అయింది. కుక్క ఉన్న ఇంట్లో ఇంకా జాగ్రత్త, చాక్లెట్, కిస్మిస్, ద్రాక్ష కుక్కలకి విషం.

అస్సలు కొనకూడనివి ఏమైనా ఉన్నాయా?

ఉన్నాయి. నీళ్లలో వేస్తే ఉబ్బే వాటర్ బీడ్స్, వాటితో చేసిన "నీళ్లలో పెరిగే" బొమ్మలు. మింగితే కడుపులో ఉబ్బి పేగుకి అడ్డం పడతాయి, ఎక్స్‌రేలో కూడా సరిగ్గా కనిపించవు. 2023 చివర్లో అమెజాన్, వాల్‌మార్ట్, టార్గెట్ పిల్లల కోసమని వాటిని అమ్మడం ఆపేశాయి, కానీ పాత ప్యాకెట్లు, వేరే చోట్ల కొన్నవి ఇంకా ఇళ్లలో ఉన్నాయి. తర్వాత బటన్ బ్యాటరీ ఉండే వెలిగే ఉంగరాలు, వెలిగే గుడ్లు. బ్యాటరీ అరకి స్క్రూ లేకపోతే ఇంటికి తేవొద్దు, ఆ బ్యాటరీ మింగితే రెండు గంటల్లో గొంతు లోపల కాలిపోతుంది. చిన్న అయస్కాంతాలూ అంతే, రెండు మింగితే పేగుల మధ్య ఒకదాన్నొకటి పట్టేసుకుంటాయి. గాలి తీసిన బెలూన్లు గుడ్డులో భలే పడతాయి అనిపిస్తుంది, కానీ పిల్లల గొంతుకి అడ్డం పడేవాటిలో అవి చాలా ప్రమాదం, వద్దు.

పిల్లలతో నిజం గుడ్లకి రంగులు వేయిద్దామనుకుంటున్నాం.

వంటింట్లోనే రంగులున్నాయి. నీళ్లలో పసుపు వేసి మరిగించి ఒక చెంచా వెనిగర్ కలిపితే బంగారు పసుపు. ఉల్లిపాయ తొక్కలు మరిగిస్తే ఇటుక రంగు. బీట్‌రూట్‌కి గులాబీ. ఎర్ర క్యాబేజీకి విచిత్రంగా తెల్ల గుడ్డు నీలం అవుతుంది, పిల్లలు నోరు తెరుస్తారు. ఉడికించిన గుడ్లు ఆ రంగునీళ్లలో రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచితే రంగు బాగా పడుతుంది. తినాలనుకుంటే బయట రెండు గంటలకి మించి ఉంచొద్దు, వారంలోపు తినేయాలి. బయట దాచిన గుడ్లు నేను తిననివ్వను.

టెక్సాస్‌లో ఉంటే కాస్కరోనెస్ కూడా చూడండి, మెక్సికన్ కుటుంబాల పద్ధతి. గుడ్డు పైన చిన్న చిల్లు చేసి సొన తీసేసి, కడిగి ఆరబెట్టి, రంగులేసి, లోపల రంగు కాగితం ముక్కలు పోసి అతికిస్తారు. పండగ రోజు ఒకరి నెత్తిన ఒకరు పగలగొట్టుకుంటారు, అది అదృష్టమట. పక్కింటి మామ్మ మా పిల్లలకి నేర్పించింది, ఇప్పుడు జనవరి నుంచే ఆమ్లెట్ వేసిన ప్రతిసారీ పెంకులు దాస్తున్నాం. గుడ్డు అలర్జీ ఉన్న పిల్లలుంటే వద్దు.

మేం క్రిస్టియన్లమే. గుడ్లతోనే పిల్లలకి యేసు కథ చెప్పే మార్గం ఉందా?

ఉంది, మా ఇంట్లో గుడ్ ఫ్రైడే నుంచి ఆదివారం దాకా ఇదే జరుగుతుంది. కొన్ని గుడ్లకి అంకెలు వేసి ఒక్కోదాంట్లో కథలోని ఒక వస్తువు. గాడిద బొమ్మ, చిన్న మట్ట ముక్క, వెండి నాణెం, రొట్టె ముక్క, ముల్లున్న రెమ్మ, కర్రపుల్లలతో కట్టిన సిలువ, తెల్లగుడ్డ ముక్క, రాయి. చివరి గుడ్డు ఖాళీ. మొదటిసారి మా వాడు నాలుగేళ్లప్పుడు ఆ ఖాళీ గుడ్డు తెరిచి "అమ్మా, ఇందులో పెట్టడం మర్చిపోయావు" అన్నాడు. మర్చిపోలేదు నాన్నా, సమాధి ఖాళీగా ఉంది అని చెప్తుంటే నాకు మా ఊరి కొవ్వొత్తులు కళ్లముందు మెదిలాయి. ముల్లు, నాణెం, రాయి చిన్నపిల్లల చేతికివ్వకుండా మీరే చూపించండి.

మేం ఇండియాలో ఉన్నాం. తెరుచుకునే ప్లాస్టిక్ గుడ్లు దగ్గర్లో దొరకట్లేదు.

కాగితం కప్పులు రెండు మూతికి మూతి పెట్టి రంగు టేపు అంటిస్తే పని జరిగిపోతుంది, పిల్లలకి ఏ తేడా తెలియదు. అట్టతో గుడ్డు ఆకారం రెండు కత్తిరించి మూడు వైపులా అంటిస్తే కవరులా అవుతుంది, చీటీలకి, స్టిక్కర్లకి, అక్షరాలకి చాలు. హైదరాబాద్, సికింద్రాబాద్‌లో కొన్ని బేకరీలు పండగకి చాక్లెట్ గుడ్లు, మార్జిపాన్ గుడ్లు చేస్తాయి, మార్జిపాన్ అంటే బాదం ముద్ద, అలర్జీ ఉంటే చూసుకోండి.

బొమ్మని చాక్లెట్ గుడ్డు లోపల దాచి అమ్మే కిండర్ సర్‌ప్రైజ్ అమెరికాలో నిషేధం, తినే వస్తువు లోపల తినకూడనిది దాచకూడదని 1938 నాటి చట్టం. మన దగ్గర చిన్న షాపుల్లో కూడా దొరికే కిండర్ జాయ్‌లో బొమ్మ ఒక సగంలో, క్రీము ఇంకో సగంలో విడిగా ఉంటాయి కాబట్టి దాన్ని అమెరికాలో కూడా అమ్ముతున్నారు. ఏది కొన్నా లోపలి బొమ్మ మూడేళ్లలోపు పిల్లలకి కాదు.

పండగ అయ్యాక ఇన్ని ఖాళీ గుడ్లు ఏం చేసుకోవాలి?

కడిగి, బాగా ఆరబెట్టి, సగాలు ఒకదాంట్లో ఒకటి దూర్చి డబ్బాలో పెట్టండి, ఐదేళ్లయినా వస్తాయి. మావి కొన్ని అప్పటివే. పై సగం మీద "అ", కింది సగం మీద "అమ్మ" అని రాస్తే జత కలిపే ఆట అవుతుంది. స్నానం టబ్‌లో వేస్తే చిల్లుల్లోంచి నీళ్లు కారడం చూస్తూ మా పాప అరగంట కూర్చుంటుంది. విరిగినవి మాత్రం వెంటనే పారేయండి, అంచులు పదునుగా ఉంటాయి.